విమానం కుడి రెక్క

కంప్యూటర్ల మీద నాకు కోపం రావడం కొత్త కాదు. నల్గొండలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. అక్కడివన్నీ పాత యంత్రాలు. ఏ పూట ఏది మొరాయిస్తుందో తెలియదు. ఒకరు మౌసు కదలదంటారు, ఇంకొకరు తెర వెలగదంటారు, మూడో మనిషి పాస్‌వర్డ్ మరిచిపోయి నా వంక చూస్తాడు, అది నా తప్పన్నట్టు. సాయంత్రానికి తల వాచిపోతుంది. అయినా సరే, బాపు కోసం మా ఇంట్లో పెట్టిన ఒక్క యంత్రం నన్ను ఏడిపించినంతగా ఆ ల్యాబ్ మొత్తం కలిసి కూడా ఏడిపించలేదు.

బాపంటే మా నాన్న, మగ్గం మనిషి. మా ఊరికి పోవాలంటే నల్గొండలో చండూరు బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఇంకాస్త లోపలికి నడవాలి. మా ఇళ్ళల్లో నేసేది చిటికీ బట్ట. నేయకముందే నూలును లెక్క ప్రకారం అక్కడక్కడ రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. కట్లు విప్పి మగ్గం ఎక్కించాక ఆ రంగూ ఆ తెలుపూ కలిసి బొమ్మ లేస్తుంది. నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. రెంటికీ కట్టి నేసే పని అన్నిటికంటే కష్టం. పడుగులోని తెలుపు మీదికి పేకలోని తెలుపు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. రెండు గళ్ళు అటూ ఇటూ అయితే బొమ్మ మసకేసి చెడుతుంది.

మా తాత గీసిన ఒక విమానం ఉంది. ఎప్పుడో ఊరి మీది నుంచి పోయినదాన్ని చూసి, గళ్ళ కాగితం మీద గీశాడట. అందరూ గీసినట్టు ఎదురుగా నిలబెట్టి గీస్తే ఏ బాధా ఉండేది కాదు. దారాన్ని మధ్యకు మడిచి, ఒక సగం కడితే రెండో సగం దానంతటదే వచ్చేది. తాత అలా గీయలేదు. విమానం ఒక పక్కకు వాలి మలుపు తిరుగుతూ ఉంటుంది. అందుకని కుడి వేరు, ఎడమ వేరు, రెండూ విడివిడిగా కట్టాల్సిందే. ఆ తిప్పలు పడలేక ఊర్లో ఇంకెవరూ దాని జోలికి పోలేదు. బాపు వయసులో ఉన్నప్పుడు తాత పక్కన కూర్చుని, భుజాన వేసుకునే పెద్ద చదరపు రుమాళ్ళు రెండు నేశాడు. రెండూ కొన్నవాళ్ళ వెంట పోయాయి. ఇంట్లో మిగిలింది ఆ కాగితం ఒక్కటే. మడతల దగ్గర చిరిగి, గుడ్డ మీద అతికించి, ఎరుపు గడిలో ‘ఎ’ అనీ నలుపు గడిలో ‘న’ అనీ తాత రాసుకున్న అక్షరాలతో, తెలుపుకు ఖాళీతో.

ఆ విమానాన్ని ఇంకొకసారి నేయాలని బాపు పడుగు కట్టి, రంగు వేసి సిద్ధం చేసుకున్నాడు. పేక మొదలుపెట్టేలోగా కళ్ళకు పొరలు కమ్మాయి. నల్గొండలో ఆపరేషన్ చేయించాం. మనుషులు, బస్సులు, గోడ మీది రాతలు అన్నీ మునుపటికంటే తేటగా కనబడుతున్నాయన్నాడు. ఆ కాగితం మీది చిన్న గళ్ళు మాత్రం ఒకదాని మీదికి ఒకటి పోతున్నాయట. చుట్టుపక్కల వాళ్ళు ఊరుకుంటారా? ఇంక చాలు, దిగి కూర్చో అని వచ్చినవాళ్ళంతా సలహా ఇచ్చి పోయారు. బాపు ఎవరికీ జవాబు చెప్పలేదు. నాకు మాత్రం చెప్పాడు.

“గీ రుమాలు మంచిగొస్తె మగ్గం మీద ఉంట బిడ్డా. రాకుంటే దిగుత. ఊకె మగ్గం పట్టుకోని ఏలాడుడు నాకిష్టం లేదు.”

అందుకని ఆ కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దగా చూపిస్తానని నేనే మాటిచ్చాను. ఎవరూ అడగలేదు. తగుదునమ్మా అని నేనే తలకెత్తుకున్నాను.

కాలేజీలో పక్కన పడేసిన ఒక యంత్రాన్ని అడిగి తెచ్చి, ఊర్లో ఇంట్లో పెట్టాను. దాంట్లో బొమ్మలూ రంగులూ ఉన్న పెద్ద ప్రోగ్రాములు తెరిస్తే, చాయ్ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. పైగా తెల్లటి తెర చూడగానే బాపు చేయి అడ్డం పెట్టుకున్నాడు.

“గిది కండ్లల్ల గుచ్చుతాంది బిడ్డా. ఇందాక ఆన్ చేసినప్పుడు నల్లగ వచ్చింది సూడు, గది మంచిగుంది.”

ఆయన చెప్పింది టెర్మినల్ గురించి. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఇంకేమీ ఉండదు. మేము యంత్రానికి ఆజ్ఞలు కొట్టేది అందులోనే. సరే, పాత డబ్బాకు కూడా అదే హాయి అనుకుని, ప్రతి గడికీ ఒక అక్షరం చొప్పున తాత కాగితాన్ని అలాగే దించుదామనుకున్నాను. బాపుకు తెలిసిన గుర్తులే ఉండాలని ‘ఎ’లు, ‘న’లు కొట్టాను. తెలుపుకు చుక్క.

మొదటి ఆదివారం మొదటి పది వరుసలు కొట్టి చూపిస్తే తెర నిండా డబ్బాలు. ఒక్క అక్షరం లేదు. ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చినట్టు డబ్బాలే డబ్బాలు. బాపు కాసేపు చూసి అడిగాడు.

“గిదేంది? మా నాయిన రాత గిట్ల లేకుండె.”

“తెలుగు ఫాంటు లేదు బాపు. ఎక్కిస్త ఆగు.”

ఫాంటు ఎక్కించాను. డబ్బాలు పోయి ప్రశ్న గుర్తులు వచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ నేను అడగాలి, అది నన్ను అడుగుతుందేమిటి? ఫోన్లో ఇంటర్నెట్ తెరిచి వెతికితే, ఇలాంటి బాధ పడ్డవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారు. జవాబులు చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఒకాయన భాష సెట్టింగు మార్చమన్నాడు. ఇంకొకాయన ఆ సెట్టింగు ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మూడో ఆయన, అసలు టెర్మినల్లో మీ భాష ఎందుకు, ఇంగ్లీషులో కొట్టుకోరాదా అన్నాడు. ఆయన ఎదురుగా ఉంటే కీబోర్డుతో ఒకటి పెట్టేదాన్ని. భాష మార్చాను, ఆపి మళ్ళీ పెట్టాను. అక్షరాలు వచ్చాయి గానీ తలలు తెగి వచ్చాయి. వరుసల మధ్య ఎడం పెంచాను. తలలు వచ్చాయి. పొద్దున కూర్చున్నదాన్ని, అన్నం కూడా అక్కడే తిన్నాను.

అమ్మ ఆసు ముందు కూర్చుని పేక నూలు పోస్తూ ఇదంతా చూస్తోంది. ఆసంటే గూటాలు కొట్టిన చట్రం. దాని మీద దారాన్ని అటూ ఇటూ చేయి చాపి వేలసార్లు తిప్పాలి.

“ఆసు పోసి పోసి నా భుజాలు పోయినయ్. మీరిద్దరు ఇంక గా డబ్బ ముంగట కూసోని మెడలు పోగొట్టుకోండ్రి” అంది.

అమ్మకు కట్లు కట్టడం వచ్చు. కాగితం మీది లెక్క చూడటం మాత్రం రాదు. ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి నేనెప్పుడైనా ఎత్తితే ఇంట్లో అందరూ వేరే పని గుర్తొచ్చినట్టు లేస్తారు.

పది వరుసలూ తేటగా కనిపించాక బాపు ఒక్కటే అడిగాడు. కాగితం మీద పది గళ్ళకొక మందపు గీత ఉంటుంది కదా, అలాంటిది పైన ఉంటే మంచిదన్నాడు. మా వాళ్ళు గళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. మందపు గీతలు చూసుకుని, మూడు గీతలు దాటి రెండు, నాలుగు గీతలకు ఒకటి తక్కువ అని చదువుకుంటారు. చేయి అదే లెక్కలో కదులుతుంది. పైవరుసలో పదికొక నిలువు గీత పెట్టాను. బాపు మొహం విప్పారింది.

ఆ వారమంతా ల్యాబ్ మూసే ముందు కూర్చుని, కాగితం ఫొటోలు చూస్తూ మిగతా వరుసలన్నీ కొట్టాను. రెండో ఆదివారం పెన్‌డ్రైవులో తెచ్చి ఇంట్లో యంత్రంలో పెట్టాను. నల్లటి తెర మీద తాత విమానం లేచింది. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కుడి రెక్క కాస్త వంగినట్టు కనబడకపోలేదు. విమానమే వాలి ఉంటుంది కదా, రెక్క వంగకేం చేస్తుంది అనుకున్నాను. బస్సుకు టైమైంది. చెప్పులేసుకుని పరుగెత్తాను.

మూడు రోజులకు బాపు ఫోన్. ఆ రోజు ల్యాబులో ప్రాక్టికల్ పరీక్షలు. బయటి నుంచి పరీక్ష చేసే సారు వచ్చి కూర్చున్నాడు, ప్రింటరు కాగితాన్ని నమిలి మింగింది, పిల్లలు వరండాలో గోల. ఆ మధ్యలో ఫోనెత్తాను.

“బిడ్డా, గీ కుడి రెక్క కాడ జర తేడా కొడ్తాంది. నాయిన గీసింది గిట్ల లేకుండె అనిపిస్తాంది.”

నేను నిర్లక్ష్యం చేయలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. పక్కనున్న యంత్రంలో అదే ఫైలు తెరిచాను. ప్రతి అక్షరం దాని గీత కింద అది ఉంది.

“నా దగ్గర మంచిగనే కనబడుతాంది బాపు. ఫైలు కరెక్టే ఉంది. సోచాయించకుంట కట్టు.”

“మరి నాకే సరిగ కనబడ్తలేదేమో.”

“అయ్యుంటది బాపు. నాకు పనుంది, మళ్ళ చేస్త.”

మళ్ళీ చేయలేదు. ఆ సాయంత్రం ప్రింటరుతో సరిపోయింది. మర్నాడు మరిచిపోయాను.

నెల దాటింది. ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసింది. అమ్మ నాకు తనంతట తాను ఫోన్ చేసిందంటే ఏదో జరిగిందని అర్థం.

“మీ బాపు మగ్గం గుంట మీద చెక్క కప్పిండు. కండ్లు పోయినయ్ అంటుండు. బువ్వ సక్కగ తింటలేడు. జర దవాఖానకు తోలుకపో.”

మాది గుంట మగ్గం. నేసే మనిషి నేలలోని గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. ఎవరైనా పోయినప్పుడో, నెలల తరబడి పని లేనప్పుడో తప్ప దాని మీద చెక్క కప్పరు. బాపును వెంటనే బస్సెక్కించమన్నాను.

మర్నాడే బాపు నల్గొండ వచ్చాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే తీసుకుపోయాను. గోడ మీది అక్షరాలన్నీ, అన్నిటికంటే కిందున్న చీమల్లాంటి వరుసతో సహా, బాపు గడగడా చదివేశాడు. కళ్ళు చాలా బాగున్నాయి, ఇంకేం కావాలి అన్నాడు డాక్టరు. బయటికొచ్చాక బాపు మొహం ఇంకా ముడుచుకుంది.

“డాక్టరుకేం ఎరుక. గోడ మీద రాత సదువమంటడు. నా పని సూసిండా?”

“అసలేమైంది బాపు?”

“రెక్క ఇరిగింది బిడ్డా. పోయినేడు కట్టిన పడుగు మంచిగుంది. గిప్పుడు కట్టిన పేక దానికి కలుస్తలేదు. పాత కండ్లు కట్టింది సక్కగున్నది, కొత్త కండ్లు కట్టింది ఇరిగింది. ఇంక డాక్టరెందుకు చెప్పుడు?”

నేను కాలేజీకి సెలవు చెప్పి అదే బస్సులో ఆయనతో పాటు ఊరికి పోయాను. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు తోచిన ధైర్యపు మాటలన్నీ చెప్పాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఇంట్లో చెక్క తీసి చూశాను. రుమాలులో వరుసగా రావాల్సిన విమానాల్లో మొదటిదాని వరకే నేసి ఆపేశాడు. ముక్కు, ఎడమ రెక్క కడిగినంత తేటగా ఉన్నాయి. కుడి రెక్క దగ్గరికి వచ్చేసరికి పడుగులోని తెలుపు ఒక చోట, పేకలోని తెలుపు ఇంకొక చోట. మధ్యలో ఎరుపూ నలుపూ కలగాపులగమై రెక్క చివర వరకూ మరకలా పాకింది. అమ్మ భుజాలు నొప్పెట్టేలా పోసిన నూలు, బాపు రోజుల తరబడి కట్టిన కట్లు, రంగు, అన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. విప్పి మళ్ళీ కట్టడానికి లేదు. ఒకసారి పట్టిన రంగు పట్టిందే.

“నువ్వు ఎట్ల లెక్క చూసినవో నాకు చూపియ్యి” అన్నాను.

యంత్రం పెట్టాను. బాపు చీపురు పుల్ల ఒకటి తెచ్చి, పైనున్న నిలువు గీత దగ్గర ఆనించి, తెర మీద నిట్టనిలువుగా కిందికి దించాడు. “మూడు గీతలు దాటి రెండు. గీడ ఎరుపు సురువు” అన్నాడు. అదే అక్షరం మీదికి నేను బాణం గుర్తు నొక్కుతూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ పోయాను. నా లెక్కకు అది సరిగ్గా మూడు గీతల దగ్గరే ఉండాలి. పుల్ల చెప్తున్న రెండు గళ్ళు ఎక్కడివి?

కింది వరుసలో చూశాను. అక్కడ మూడు గళ్ళ తేడా. పై వరుసలో ఒకటే. ఎడమ వైపు ఎక్కడా తేడా లేదు.

అప్పుడు అర్థమైంది. టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి ఇచ్చి లెక్క రాసుకుంటుంది. మన ‘ఎ’ ఆ గడిలో పట్టదు. కాస్త బయటికి వచ్చి పక్కదాన్ని నెడుతుంది, అది దాని పక్కదాన్ని నెడుతుంది. పది ఎరుపు గళ్ళు దాటేసరికి వరుస మొత్తం కుడికి జరిగిపోతుంది. చుక్కలున్న చోట నెట్టుడు లేదు, ఎడమ వైపు అది ఇంకా పేరుకోలేదు కాబట్టి తేడా తెలియలేదు. ల్యాబులో నేను ఎప్పుడో వేసుకున్న ఫాంటు వేరు, అందులో అక్షరాలు గడిలో సరిపోయాయి. ఇంట్లో ఎక్కించింది వేరొకటి. ఫైలులో విమానం విమానంలాగే ఉంది. తెర మీద రెక్క వంకర పోయింది. నేను నా తెర చూసి కరెక్టే అన్నాను. బాపు తన తెర చూసి కట్టాడు.

“నీ కండ్లకేం గాలే బాపు. గీ తెర తప్పు చూపించింది. ఫైల్ల సరిగనే ఉంది, కనబడుడే తప్పు” అని గబగబా చెప్పుకొచ్చాను.

“ఫైలేంది, కనబడుడేంది బిడ్డా? నాకు రెండున్నయా? కనబడ్డది కట్టిన.”

“మరి నీకు అనుమానం వచ్చింది గద! ఫోన్ గూడ చేస్తివి. ఎందుకు కట్టినవ్?” అని అరిచాను. కోపం ఎవరి మీదో తెలియడం లేదు, ఎదురుగా ఆయన ఉన్నాడు.

బాపు పుల్లను నేల మీద పెట్టాడు.

“చేతికి తెలుస్తనే ఉండె. ఒక్కొక్క కట్టు ఏస్తుంటే గిది గాదు, గిది గాదు అంటనే ఉండె చెయ్యి. కని నీ దగ్గర మంచిగనే ఉందంటివి. నా కండ్లే కావచ్చునంటే, అయ్యుంటదంటివి. సదువుకున్న దానివి, నీ కంటె నాకెక్కువ తెలుస్తదా అనుకున్న.”

అమ్మ లేచి లోపలికి పోయింది. నేను ఆ డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను. యంత్రం ఏ తప్పు చేసినా దాన్ని తిట్టుకుంటే తీరిపోతుంది. ఆ ‘అయ్యుంటది’ అన్నది మాత్రం నా నోరే. బాపు ఆ మాట పట్టుకుని నెల రోజులు ప్రతి కట్టుకూ తన చేతిని తానే కాదనుకున్నాడు.

కళ్ళు తుడుచుకుని అక్షరాలన్నీ పీకేశాను. అక్షరం ఉంటేనే కదా నెట్టేది. ప్రతి గడిలో ఖాళీ పెట్టి, వెనక రంగు నింపాను. ఎరుపుకు ఎరుపు, తెలుపుకు తెలుపు. నలుపు గళ్ళు నల్లటి తెరలో కలిసిపోయి విమానం తోక మాయమైంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి నలుపుకు నీలం వేశాను.

“మా నాయిన నీలం ముట్టకపోతుండె” అన్నాడు బాపు.

“నీలమంటే నలుపు అనుకో బాపు, నీ దండం పెడ్త.”

ఆయన పుల్ల తీసుకున్నాడు. పై గీత నుంచి దించుతూ వరుస తర్వాత వరుస చూసుకుంటూ పోయాడు. నేను బాణం గుర్తుతో వెంట నడిచాను. ఆయన పుల్ల, నా లెక్క ప్రతి వరుసలో కలిశాయి. కుడి రెక్క తిన్నగా సాగింది. తోక దగ్గర పుల్ల ఆగింది.

“ఆగు. గీడ ఒక నలుపు గడి తక్కువున్నది.”

ఫైలు కరెక్టే బాపు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పెట్టెలోంచి తాత కాగితం తెచ్చి, ఫోన్ కెమెరాలో ఆ చోటును పెద్దది చేసి చూశాను. మడత చిరిగిన అంచున, గుడ్డకు అతుక్కుని, వెలిసిపోయిన ‘న’ ఒకటి ఉంది. ఫొటోలు చూస్తూ కొట్టినప్పుడు అది మడత నీడలో పడి కనిపించక, నేను చుక్క కొట్టేశాను. ల్యాబులోనూ ఇంట్లోనూ నేను కరెక్టే కరెక్టే అని వాదించిన ఫైలు కూడా తప్పే.

“ఉన్నది బాపు. నేనే తప్పు కొట్టిన.”

నేను చాపిన ఫోన్ బాపు అందుకోలేదు, కాగితం వంక కూడా చూడలేదు. పుల్లను ఆ చోటే ఆనించి పట్టుకుని, నేను గడి నింపేదాకా కదలలేదు. నీలం గడి పడ్డాక తల ఊపి లేచాడు. నేను గుంట పక్కన తీసిపెట్టిన చెక్కను ఎత్తుకుని పోయి పెరట్లో గోడకు ఆనించి వచ్చాడు.

“మళ్ళ ఆసు పొయ్యాలె” అన్నాడు లోపలున్న అమ్మతో.